పెట్టెలో కొన్ని, గంపలో కొన్ని

తొంభైల్లో మేం మౌలాలీలో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో గుడ్లు పొదగడం రెండుచోట్ల జరిగేది. వెనక వరండాలో నానమ్మ గంప, ముందుగదిలో బల్ల కింద నాన్న థర్మోకోల్ పెట్టె. ఒకరిదాంట్లో ఒకరు వేలు పెట్టకూడదని పైకి ఒప్పందం. నాన్న డ్యూటీకి వెళ్ళగానే నానమ్మ వంగి పెట్టె అద్దంలోంచి చూసేది. నాన్నేమో నైట్ డ్యూటీ దిగొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే గంప దగ్గరికి పోయేవాడు.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఆయనకి కోళ్ళ పిచ్చి పట్టింది ముర్గీచౌక్‌లో. ఏదో ఒక ఆదివారం సిటీ బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా నడిచేవాళ్ళం. లాడ్ బజార్‌లో అమ్మ గాజులు చూసేలోపు నాన్న నా చెయ్యి పట్టుకుని మహబూబ్ చౌక్ వైపు, అదే ముర్గీచౌక్ వైపు, జారుకునేవాడు. అక్కడి గడియారస్తంభం 1892 నాటిది. దాని దగ్గర్లోనే పక్షుల బజారు. పావురాలు, లవ్‌బర్డ్స్, బాతులు, బుట్టల్లో నాటుకోళ్ళు, కాలికి తాడు కట్టిన అసీల్ పుంజులు. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

అక్కడే ఒక బుట్టలో ఆ చిన్న కోళ్ళు కనిపించాయి. పావురం కన్నా కాస్త పెద్దవి, అంతే. కాళ్ళు ఎంత పొట్టిగా ఉన్నాయంటే రెక్కల అంచులు నేలకి రాసుకుంటున్నాయి. తోక మాత్రం నిలువుగా లేచి తలకి తగిలేలా ఉంది. ఇవి పిల్లలా అని అడిగాను. "బచ్చే నహీ బేటా, పూరే బడే హై. బెంటం" అన్నాడు అమ్మేతను. జపనీస్ బాంటం అనే రకం అవి. పెట్ట బరువు అరకిలో, పుంజు ఇంకో గుప్పెడు ఎక్కువ. నాన్న ఒక పుంజుని, కొన్ని పెట్టల్ని కొనేశాడు. బేరం కూడా సరిగ్గా ఆడలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మామూలు కోడిగుడ్డు యాభై, అరవై గ్రాములుంటే ఈ కోళ్ళ గుడ్డు ముప్ఫై గ్రాములు అటూ ఇటూ. ఆమ్లెట్‌కి మూడేసి కొట్టాల్సి వచ్చేది. "ఇంతోటి గుడ్డుకి ఇంత మేతా" అని అమ్మ లెక్కలు తీస్తుండగానే నల్లపెట్ట గూడు దిగడం మానేసింది. దగ్గరికి పోతే ఈకలన్నీ పైకి లేపి, గుర్రుమని చేతిమీద పొడిచేది. పొట్ట కింద ఈకలు రాలిపోయి చర్మం వేడిగా తగులుతోంది. నాన్న కంగారుపడ్డాడు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివే మా అన్నని, పెద్దమ్మ కొడుకుని, పిలిపిద్దామన్నాడు.

నానమ్మ నవ్వింది. "రోగం గీగం ఏం లేదు కొడుకా. పొదుగుకొచ్చింది. గుడ్లెయ్యి."

నల్గొండ వైపు పల్లెలో సగం జీవితం గడిపిన మనిషి. సిటీలో ఆమెకి చేతినిండా దొరికిన మొదటి పని ఇదే అనుకుంటా. గంప తెప్పించి, అడుగున ఇసుక, బూడిద కలిపి పోసింది. బూడిద ఉంటే కోడిపేలు పట్టవు. దానిమీద ఎండుగడ్డి పరిచి, మధ్యలో పిడికిలితో నొక్కి గుంట చేసింది, గుడ్లు అంచుకి దొర్లిపోకుండా. ఒక మూల బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు, ఒక ఎండుమిరపకాయ. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయట, ఇవుంటే ఏం కాదట. ఉరుముకీ గుడ్డుకీ సంబంధం లేదని మా అన్న తర్వాత ఒకసారి చెప్పాడు. "అయితే నువ్వే తీసెయ్యి" అంది నానమ్మ. అన్న తియ్యలేదు. నాన్న కూడా తియ్యలేదు.

గుడ్లు ఏరడం దగ్గర ఆమె లెక్కలు గట్టివి. మరీ పొడుగ్గా ఉన్నవి, గరుకు పెంకువి, వెంట్రుకంత చీలిక ఉన్నవి పక్కకి. పెంట అంటిన గుడ్డుని కడగడానికి ఒప్పుకోదు, పొడిబట్టతో తుడవాల్సిందే. కడిగితే పెంకు మీది సన్నటి పొర పోయి, సూక్ష్మరంధ్రాల్లోంచి క్రిములు లోపలికి పోతాయని అన్న చెప్పేవాడు. నానమ్మకి క్రిముల గొడవ తెలియదు గానీ "కడిగిన గుడ్డు మురుగుతది" అని తెలుసు. పెట్ట గుడ్లు పెడుతున్నన్నాళ్ళూ వాటిని నీళ్ళ రంజన్ కుండ పక్కన తడి ఇసుక నింపిన పళ్ళెంలో, సన్నటి కొస కిందికి ఉండేలా నిలబెట్టేది. వారం దాటిన గుడ్డు వంటింటికే. ఫ్రిజ్‌లో పెడదామని నాన్న అంటే, మరీ చల్లగా ఉంటే లోపలి జీవం దెబ్బతింటుందని అన్న ఆపాడు. పదిహేను, పద్దెనిమిది డిగ్రీల చల్లదనం కావాలి వాటికి. మన హైదరాబాద్‌లో డిసెంబర్‌లో అయితే దొరుకుతుంది. మేలో ఎక్కడిది? ఎండ ముదిరితే గుడ్డు గూట్లో ఉండగానే సగంసగం మొదలై ఆగిపోతుంది. రోహిణి కార్తెలో పొదగెయ్యొద్దని నానమ్మ పట్టుబట్టేది ఇందుకేనేమో.

పెట్ట చిన్నది కదా, దాని రెక్కల కింద పట్టేవే తక్కువ. పెట్టని కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి చూసి, ఏ గుడ్డయినా బయటికి తొంగిచూస్తే నానమ్మ తీసేసేది. బయటున్న గుడ్డు చల్లారుతుంది, అది లోపలికి తోసుకుంటే ఇంకోటి బయటికొస్తుంది, ఇలా వంతులవారీగా అన్నీ పాడవుతాయి. మిగతా పెట్టల గుడ్లు ఇంకా ఉన్నాయి. మిగిలిపోయిన ఆ గుడ్ల కోసమే నాన్న పెట్టె పుట్టింది.

రాంనగర్ చేపల మార్కెట్ నుంచి థర్మోకోల్ డబ్బా తెచ్చాడు. సర్ఫుతో తోమి ఎండబెట్టినా మొదటి వర్షాకాలం దాకా చేపల కంపు పోలేదు. మూతకి రంధ్రం కోసి ఫొటోఫ్రేమ్ అద్దం బిగించాడు. లోపల రెండు నలభై వాట్ల బల్బులు. ఒకటి మాడిపోతే ఇంకోటి ఉంటుందని రెండు. గుడ్ల మీద వేడి నేరుగా పడకుండా మధ్యలో రేకు. రాణిగంజ్‌లో కొన్న థర్మోస్టాట్. పక్కల్లో గాలి రంధ్రాలు, ఎందుకంటే లోపల పెరిగేది ఊపిరి పీల్చే ప్రాణి, పెంకులోంచే గాలి తీసుకుంటుంది. జ్వరం చూసే థర్మామీటర్ పెట్టబోతే అందులో పాదరసం ఒకసారి ఎక్కితే దులిపేదాకా దిగదని గుర్తొచ్చి, కోఠీకి పోయి ల్యాబ్ థర్మామీటర్లు రెండు తెచ్చాడు. రెండోదాని కింది బల్బుకి నానమ్మ దీపం వత్తి చుట్టి, వత్తి కొస నీళ్ళ గిన్నెలో వేశాడు. గాలిలో తేమ తక్కువుంటే ఆ తడి థర్మామీటర్ ఎక్కువ చల్లబడుతుంది. అది 28, 29 డిగ్రీల దగ్గరుంటే తేమ సగానికి సగం ఉన్నట్టు, అది చాలు.

గుడ్లు పెట్టకముందు ఖాళీ పెట్టెని ఒక రోజంతా నడిపించాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇప్పటికీ దాటవేసే పని ఇదే. డబ్బా ఇంటికి రాగానే గుడ్లు సర్దేసి, ఆ తర్వాత స్క్రూ తిప్పుతూ కూర్చుంటారు. ఈలోపు గుడ్లు ఉడుకుతాయి. గుడ్డు చల్లదనాన్ని కాసేపు ఓర్చుకుంటుంది గానీ వేడిని ఓర్చుకోదు. 40 డిగ్రీలు దాటి నిలబడితే లోపలిది చచ్చిపోతుంది. ఫ్యాన్ ఉన్న పెట్టెలో అయితే 37.5 డిగ్రీలు. నాన్న మొదటి పెట్టెలో ఫ్యాన్ లేదు. అలాంటిదాంట్లో వేడిగాలి పైన, చల్లగాలి కింద పొరలుగా ఉండిపోతుంది కాబట్టి థర్మామీటర్‌ని గుడ్ల పైభాగం ఎత్తులో పెట్టి 38.5, 39 మధ్య చూసుకోవాలి. తర్వాత పాత కంప్యూటర్‌లోంచి పీకిన చిన్న ఫ్యాన్ ఒకటి దొరికింది, ఆ గొడవ తీరింది.

మీటలు, వైర్లు, నోట్‌బుక్కులో రాతలు అన్నీ నాన్నవే. పని మాత్రం అమ్మది. ఒక్కో గుడ్డుకి ఒకపక్క పెన్సిల్‌తో ఇంటూ గుర్తు, ఇంకోపక్క సున్నా. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిప్పాలి. రోజుకి బేసి సంఖ్యలో తిప్పితే ప్రతి రాత్రీ అదే పక్క మీద పడుకోకుండా ఇవాళ ఇటు, రేపు అటు అవుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పొరకి అతుక్కుపోతుంది. నాన్న షిఫ్టుల్లో ఉంటే మధ్యాహ్నం తిప్పేది అమ్మే. కూర కలిపిన చెయ్యి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మూత తీసి చకచకా తిప్పి మూసేసేది. కరెంటు పోతే నానమ్మ గొంగడి తెచ్చి పెట్టె మీద కప్పి, వేణ్ణీళ్ళు పోసిన సీసాలు లోపల పెట్టేది. గంటో రెండు గంటలో పోతే ఏం కాదని తెలిసినా, బల్బు మళ్ళీ వెలిగేదాకా నాన్న ఫ్యూజు పెట్టె దగ్గరే నిలబడేవాడు. అమ్మ పేరు నోట్‌బుక్కులో ఎక్కడా లేదు, నేను వెతికాను.

గంప వైపు ఈ టెన్షన్లేవీ లేవు. కోడే వేడి చూసుకుంటుంది, కోడే తిప్పుతుంది, అదీ రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. రోజుకొకసారి లేచి జొన్నలు తిని, నీళ్ళు తాగి, ఓ పెద్ద కంపు పెంట వేసి, మట్టిలో పొర్లి మళ్ళీ వచ్చి కూర్చునేది. "ఇంకా రాలేదేంటి, గుడ్లు చల్లారిపోతున్నాయి" అని నాన్న గడియారం చూసేవాడు. ఒకసారి థర్మామీటర్‌ని దాని రెక్క కింద దూర్చబోయి వేలు పొడిపించుకున్నాడు. నానమ్మ మూడు రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వింది.

ఏడోరోజు రాత్రి గది లైట్లు ఆర్పేసేవాళ్ళం. అట్టముక్కకి గుండ్రంగా చిల్లు చేసి, టార్చ్ ముందు పెట్టి, చిల్లు మీద గుడ్డుని లావు కొస ఆనించాలి. బతికున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్ళలా పాకి, మధ్యలో నల్లచుక్క కదులుతుంది. ఏమీ కనపడకుండా పచ్చగా తేటగా ఉంటే అది వట్టిగుడ్డు. పక్కింటి పిల్లాడు కిరాణా కొట్టులో కొన్న తెల్లగుడ్డు ఒకటి బతిమాలి మా పెట్టెలో పెట్టించాడు, అది ఇలాగే తేలింది. ఫారాల్లో గుడ్లకోళ్ళ దగ్గర పుంజులే ఉండవు, ఇంక పిల్ల ఎక్కడినుంచి వస్తుంది? నరాలు చెదిరి ఎర్రటి గీత ఉంగరంలా చుట్టూ ఉంటే మొదలై చచ్చిపోయినట్టు. అలాంటివి మా పెట్టెలో ప్రతిసారీ కనపడేవి. నాన్న వేడి పెంచి, తగ్గించి, తేమ మార్చి, చివరికి థర్మోస్టాట్‌ని కూడా అనుమానించాడు.

విషయం చెప్పింది మా అన్న. గంపలోని గుడ్లు కూడా టార్చ్ పెట్టి చూసి, అక్కడా అలాగే పోతున్నాయని చూపించాడు. జపనీస్ బాంటాల పొట్టికాళ్ళకి కారణమైన జన్యువు ఒకటుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే పిల్ల పొట్టికాళ్ళతో పుడుతుంది. ఇద్దరినుంచీ వస్తే మాత్రం పెంకులోనే, మొదటి రోజుల్లోనే చచ్చిపోతుంది. పొట్టిపుంజుని పొట్టిపెట్టతో జతకడితే ప్రాణం పోసుకున్న గుడ్లలో సగటున నాలుగోవంతు ఇలా పోతాయి, ఇంకో నాలుగోవంతు పొడుగుకాళ్ళతో పుడతాయి. పెట్టె తప్పు కాదు, నానమ్మ తప్పు కాదు, ఉరుము తప్పూ కాదు. ఆ రోజు నాన్న ముఖం చూడాలి, పరీక్ష పాసైనంత సంతోషం. పొడుగుకాళ్ళ పెట్టని పొట్టిపుంజుతో కలిపితే ఈ నష్టం ఉండదని అన్న చెప్తే, మొదట నచ్చక పక్కన పెట్టిన పొడుగుకాళ్ళ పిల్లలకి ఇంట్లో గౌరవం పెరిగింది.

మామూలు కోడికి 21 రోజులు. బాంటాలు తరచూ ఒకటి రెండు రోజులు ముందే వస్తాయి. పద్దెనిమిదో రోజుకి గుడ్లు తిప్పడం ఆపేసి, అడుగున పాత నూలుబట్ట పరిచి, నీళ్ళ గిన్నె ఇంకోటి పెట్టి, తడి థర్మామీటర్ 32 దాకా ఎక్కేలా చూసి మూత వేసేయాలి. ఇక తియ్యకూడదు. లోపలి తేమ పోతే పెంకు కింది పొర ఎండి పిల్లని బిగించేస్తుంది. చెప్పడానికి సులువే. లోపల్నుంచి కిచకిచలు మొదలయ్యాక మూత ముట్టకుండా కూర్చోవడం మా నాన్న వల్ల అయ్యేది కాదు. పెంకు మీద చిన్న చిట్లు పడేది. అంతే, పూటంతా ఇంకేం జరగదు. ముక్కు మీది చిన్న పంటితో ఒక పోటు పొడిచి, పిల్ల లోపలే అలసట తీర్చుకుంటూ ఉంటుంది. పెంకు లోపలి నరాల్లో మిగిలిన రక్తాన్ని, పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటూ ఉంటుంది. పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా కూడా పట్టొచ్చు.

"కొంచెం పెంకు తీద్దామా, ఊపిరాడట్లేదేమో" అని నాన్న మూత మీద చెయ్యేశాడు.

నానమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. "నీ చెయ్యి ఊకుండదా? అది నీ కడుపుల ఉన్నదా ఏంది, నొప్పులు నీకొస్తున్నయ్! రక్తం కారి సస్తది. దాన్ని రానియ్యి."

తొందరపడి పెంకు తీస్తే లోపలికి లాక్కోని నరాలు తెగి నిజంగానే రక్తం కారుతుంది. ఆమె దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. నన్నడిగితే గుడ్లు పొదగడంలో చేసే పనికన్నా చెయ్యకుండా ఉండే పని కష్టం. ఆ మూడు రోజులూ నాన్నని పెట్టెకి దూరంగా ఉంచడానికి అమ్మ ఆయన్ని రేషన్ షాపుకి, గ్యాస్ బుకింగ్‌కి, ఎప్పట్నుంచో పెండింగులో ఉన్న మా అత్తయ్య ఇంటికి పంపించేది.

పిల్లలు తడితడిగా, వికారంగా బయటికొచ్చి, కొన్ని గంటల్లో ఆరి బొచ్చుతో ఉబ్బేవి. వాటికి మేత పెట్టాలని నేను తొందరపడేదాన్ని. పొట్టలోకి తీసుకున్న పచ్చసొనతో రెండు రోజుల దాకా ఉండగలవు, కాబట్టి ఆ రోజు పెట్టెలోనే. తర్వాత అట్టపెట్టె, పైన బల్బు. మొదటివారం 35 డిగ్రీలకి కొంచెం అటూ ఇటూ, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. కొలవడం కన్నా చూడటం నయం. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి, గోడలకి అతుక్కుంటే వేడి. అడుగున న్యూస్‌పేపర్ పరిస్తే జారి కాళ్ళు పక్కకి విచ్చుకుపోతాయి, గోనెపట్టా మంచిది. ఈ పిల్లలు ఎంత చిన్నవంటే నీళ్ళమూతలో పడి మునిగిపోతాయి, అందుకని మూతలో గులకరాళ్ళు వేసేవాళ్ళం. నానమ్మ నూకలు చల్లేది, నూకలతో పెరగవని అన్న స్టార్టర్ దాణా తెచ్చేవాడు. పిల్లలు రెండూ తినేవి.

తర్వాత గంపనీ పెట్టెనీ ఒకే రోజు మొదలుపెట్టడం మొదలైంది. ఆలోచన నానమ్మది. గంపలో పెట్ట పిల్లలు చేసిన రాత్రి, ఇంట్లో దీపాలు ఆర్పాక, నాన్న పెట్టెలోని పిల్లల్ని ఒక్కొక్కటిగా చీకట్లో పెట్ట రెక్కల కిందకి జరిపేది. తెల్లారేసరికి అన్నీ దాని పిల్లలే. ఒకటి రెండు రోజులు దాటితే మాత్రం పెట్ట గుర్తుపట్టి పొడుస్తుంది, అందుకే రాత్రికి రాత్రే. బల్బు ఖర్చు లేదు, అట్టపెట్టె కంపు లేదు, పిల్లి వస్తే కాపాడే మనిషి అక్కర్లేదు. అరకిలో పెట్ట, పందికొక్కుని వరండా మెట్లదాకా తరమడం నేను కళ్ళారా చూశాను. నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఇన్ని పిల్లలు ఒక్క పెట్ట వెనక నడుస్తుంటే కాలనీవాళ్ళు ఆగి చూసేవాళ్ళు, అవన్నీ తన పెట్టెలోవే అని చెప్పుకునేవాడు.

ఇప్పుడు గుడ్లని తమంతట తామే తిప్పే ఇంక్యుబేటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఉప్పల్‌లో, నిజాంపేటలో అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఫ్యాన్సీ కోళ్ళు పెంచేవాళ్ళు నాకు తెలుసు. వేడి, తేమ గురించి అన్నీ అడుగుతారు. పుట్టినవాటిలో సగం పుంజులే అయితే ఏం చేస్తారో మాత్రం ఎవరూ అడగరు. మాకు ఆ సంగతి నాలుగైదు నెలలకి తెలిసొచ్చింది. బాంటం పుంజు ఒళ్ళు చిన్నది గానీ గొంతు చిన్నది కాదు. తెల్లవారుజామున ఒకటి మొదలుపెడితే మిగతావన్నీ అందుకునేవి. పక్కింట్లో నైట్ షిఫ్టు చేసొచ్చే ఆయన మొదట నవ్వుతూ చెప్పాడు, తర్వాత నవ్వకుండా చెప్పాడు. పుంజులు ఒకదాన్నొకటి నెత్తురొచ్చేలా కొట్టుకునేవి కూడా. వర్క్‌షాపులో అడిగినవాళ్ళకి ఒక్కోటి ఇచ్చేశాడు నాన్న. కూరకి పనికిరావని నానమ్మ వాటి తొడలు ఒత్తి చూసి ఎప్పుడో తేల్చేసింది.

మిగిలినవాటిని ఒక ఆదివారం బుట్టలో వేసుకుని ముర్గీచౌక్‌లో అమ్మొస్తానని బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. కొన్న దుకాణం దగ్గరే ఆగాం. అతను పుంజుల్ని తిరగేసి చూసి, నాన్న ఊహించినదానికి సగం ధర చెప్పాడు. నాన్న ఈసారి గట్టిగానే బేరమాడాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుట్టలో పుంజులు లేవు, డబ్బులూ లేవు. కాళ్ళకి కూడా ఈకలున్న తెల్లటి సిల్కీ పెట్టలు రెండు ఉన్నాయి. "ఇవి పొదగడంలో మొనగాళ్ళట" అన్నాడు నాన్న గుమ్మంలోనే. అమ్మ ఏమందో ఇక్కడ రాయను. నానమ్మ మాత్రం బుట్టలోకి చెయ్యి పెట్టి, ఒకదాని పొట్ట తడిమి, గంప ఇంకోటి కావాలంది.